అధ్యక్షురాలి చుట్టాలు

చింతలవాగు మండలానికి మెహజబీన్ అధ్యక్షురాలు అవుతుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

అచ్చంపేట నుంచి లింగాల వైపు పోతుంటే నల్లమల అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ మండలం. బస్టాండు వెనక సందులో ఆమెకు జాకెట్లు కుట్టే దుకాణం ఉండేది. భర్త మొహసిన్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. పొదుపు సంఘాలకు పదేళ్లు నాయకురాలిగా తిరిగీ తిరిగీ, ఎవరి ఇంట్లో ఏ కష్టమొచ్చినా ముందుగా తెలిసే మనిషి అయింది. 2019లో ఆ ఊరి ఎంపీటీసీ స్థానం ఆడవాళ్లకు వచ్చినప్పుడు సంఘం వాళ్లే ఆమెను వెంటబెట్టుకుపోయి నామినేషను వేయించారు. ఏ పార్టీ కాదు. గుర్తు కుట్టుమిషను. "మనకు ప్రచారమే అక్కర్లే, జాకెటు తొడిగిన ప్రతి ఆడిది నీకు తెలుసు" అన్నారు సంఘం వాళ్లు. నిజంగానే గెలిచింది.

పదకొండు మంది సభ్యుల్లో రెండు పార్టీలకూ చెరి ఐదుగురు వచ్చారు. మిగిలిన ఒక్కతీ మెహజబీన్. అధ్యక్ష పదవి కూడా ఆడవాళ్లకే కేటాయించారు. అంతకు ముందు రెండు దఫాలు ఆ కుర్చీలో కూర్చున్న వెంకట్రాములు ఈసారి మామూలు సభ్యుడిగా గెలిచాడు. అతని పార్టీలో ఆడమనిషి ఎవరూ నెగ్గలేదు. అవతలి పార్టీ వాళ్లు ఆ కుర్చీ ఎక్కితే చూడలేడు. అందుకని తెల్లటి అంగీ వేసుకుని మెహజబీన్ ఇంటికి వచ్చాడు.

"జూడు బిడ్డా," అన్నాడు మంచం మీద కూర్చుని, "నువ్వు కుర్చీల కూసో. పనులు మేం జూస్కుంటం. నీ మిషను నువ్వు తొక్కుకో. సంతకం కాడికి వొస్తే సాలు."

మెహజబీన్ తల ఊపింది. కాదనడానికి ఆమెకు కారణం కనపడలేదు.

లోపలి గదిలో ఉల్లిగడ్డ కోస్తున్న అత్త మౌలాబీ అంతా విన్నది. ఆయన పోయాక బయటికి వచ్చి, "సంతకం కోసం మనిషెందుకు దుల్హన్? ముద్దర గుద్దుకుంటే గాదా?" అంది. పెళ్లయి ఇరవై ఏళ్లయినా కోడల్ని ఆమె దుల్హన్, అంటే పెళ్లికూతురా, అనే పిలిచేది.

మౌలాబీ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరున్న మంత్రసాని. అడవి అంచున ఉన్న పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు వందల్లో ఉన్నారు. కాన్పులన్నీ దవాఖానకు మారిపోయాక ఆమెను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. ఒకసారి ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సు అందరి ముందూ "ముసలమ్మా, నువ్వు చెయ్యి వెడితే కేసు నా మీదికొస్తది" అన్నది. ఆనాటి నుంచి మౌలాబీ ఆ గడప తొక్కలేదు.

మెహజబీన్ రెండేళ్లు వెంకట్రాములు చెప్పినట్టే నడిచింది. మూడు నెలలకోసారి సర్వసభ్య సమావేశం జరిగేది. మధ్య కుర్చీ ఆమెది, పక్క కుర్చీ ఆయనది. మాట్లాడేది ఆయన. చూపుడు వేలుతో ఆయన చూపించిన చోట ఆమె సంతకం పెట్టి, ఇంటికి వచ్చి మిగిలిన హుక్కులు కుట్టుకునేది. జీపు దిగినప్పుడు అందరూ లేచి నిలబడుతుంటే మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైంది. అలవాటైనందుకు అప్పుడప్పుడు తనమీద తనకే కోపం వచ్చేది.

2021 ఆగస్టులో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. నాలుగో నాడు మధ్యాహ్నం ఆశా కార్యకర్త ఫోను చేసింది.

"మేడం, పెద్దపెంట పావనికి నొప్పులొస్తున్నయి. ట్రాక్టర్ మీద తోల్కొస్తున్రు గని వాగు పొంగింది. వన్నాటెయిట్ బండి ఇవుతల్నే నిలవడ్డది."

ఆటో పిలిచి ఎక్కేసరికి, చెప్పకుండానే మౌలాబీ వచ్చి పక్కన కూర్చుంది.

మామూలు రోజుల్లో పిల్లలు చెప్పులు చేత పట్టుకుని దాటే వాగు అది. ఆ రోజు ఎర్రటి నీళ్లు చెట్ల కొమ్మల్ని ఈడ్చుకుంటూ పోతున్నాయి. రోడ్డు ఎక్కడుందో తెలియడం లేదు. అవతలి ఒడ్డున ట్రాక్టరు ట్రాలీ, దాని మీద నీలం పట్టా. పట్టా కింద పావని, ఆమె తల్లి చిన్నమ్మ. ఈ ఒడ్డున అంబులెన్సు, తాళ్లు పట్టుకున్న పోలీసులు. అవతల ఫోన్లకు సిగ్నల్ లేదు.

మౌలాబీ చీర కుచ్చిళ్లు పైకి దోపి మోకాలు లోతు నీళ్లలోకి దిగింది. కోడలు వెనక నుంచి ఆమె నడుం పట్టుకుంది.

"చిన్నమ్మా! తల అవుపడ్తుందా?"

వాగు హోరులో మాట సగంలోనే పోయింది. చిన్నమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మౌలాబీ మళ్లీ అరిచింది. గొంతు పగిలింది. చివరికి చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. పడుకోబెట్టమని, మోకాళ్లు పైకి పట్టమని, తొందరపడి లాగొద్దని. రెండు అరచేతులూ గాలిలో పెట్టి, అక్కడ లేని బిడ్డను పట్టుకున్నట్టు, మెల్లగా, మెల్లగా అని చూపించింది. అవతల చిన్నమ్మ చూస్తూ, వంగుతూ, మళ్లీ చూస్తూ చేసింది.

అట్లా ఎంతసేపు గడిచిందో మెహజబీన్‌కు గుర్తు లేదు. చిన్నమ్మ ట్రాలీలో లేచి నిలబడింది. చేతిలో గుడ్డ మూట. ఈ ఒడ్డుకేసి చూసి, లేదన్నట్టు తల అడ్డంగా తిప్పింది.

మర్నాడు నీళ్లు తగ్గాక పావనిని అచ్చంపేట దవాఖానకు చేర్చారు. రక్తం ఎక్కించారు. ఆమె బతికింది. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుందని చిన్నమ్మ చెప్పింది. 

"నేనుంటే ఏలు దూర్చి తీసేదాన్ని," అంది మౌలాబీ ఆ మాట విని. మళ్లీ తనే అంది: "నేనున్నా ఏమో. డాక్టరమ్మ కాడుంటే బతికేది."

ఆ మాట అత్త నోటి నుంచి వస్తుందని మెహజబీన్ అనుకోలేదు.

ఆరోగ్య కేంద్రం డాక్టరు శ్రుతి ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి. మెహజబీన్ వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుంది. "గిట్ల కాకుండా ఉండాల్నంటే ఏం జెయ్యాలె మేడం?" అని అడిగింది.

"వాగును మనం ఆపలేం," అంది శ్రుతి. "నెల నిండటానికి పది, పన్నెండు రోజుల ముందే వాళ్లు ఇవతలికి వచ్చి ఉంటే చాలు. నొప్పులు మొదలైతే నడుచుకుంటూ నా దగ్గరికి వస్తారు. కానీ ఎక్కడుంటారు? నా దగ్గర ఉన్నవి ఆరు మంచాలు."

ఎక్కడుంటారన్న ప్రశ్న మెహజబీన్‌తో పాటే ఇంటికి వచ్చింది. జవాబు మాత్రం రోజూ ఆమె కళ్ల ముందే ఉంది. మండల ఆఫీసు ఆవరణలో, ఆరోగ్య కేంద్రం గోడకు ఆనుకుని, రెండు గదులు, వరండా, వెనక పెరడు ఉన్న పాత క్వార్టరు. లోపల విరిగిన కుర్చీలు, పాత కాగితాల కట్టలు ఉండేవి. వరండాలో మధ్యాహ్నం పూట వెంకట్రాములు మనుషులు పేకముక్కలు పరుచుకుని పత్తాలాడుకునేవాళ్లు.

ఆ తర్వాత వచ్చిన సమావేశంలో ఆమె మొదటిసారి తనంతట తాను మాట్లాడింది. కాగితం మీద రాసుకొచ్చింది కానీ దాన్ని చదవకుండానే మడిచి పెట్టేసింది.

"ఆ క్వార్టర్‌ను పెంటలకెళ్లి వొచ్చే గర్భిణీలు ఉండనీకి ఇద్దాం. సామాను తీసేస్తే రెండు రూములల్ల ఎనిమిది మంది ఉండొచ్చు. పక్కనే దవాఖాన."

వెంకట్రాములు నవ్వుతూనే లేచాడు. "మంచి మాటనే బిడ్డా. గని సర్కారు జాగ అది. రేపు ఆడ ఎవలికన్న ఏమన్న అయితే జిమ్మేదారి ఎవలది? నీదా, నాదా? గిసొంటియి కలెక్టరాఫీసుల తేలాలె, మనం కాదు."

చేతులెత్తమన్నారు. వద్దని పది చేతులు లేచాయి. రెండు పార్టీల వాళ్లూ ఒక మాట మీదికి రావడం ఆ మండలంలో అదే మొదలు.

మీటింగు అయిపోయాక ఆమె అక్కడే కూర్చుండిపోయింది. సూపరింటెండెంటు కురుమూర్తి రిజిస్టర్లు సర్దుతున్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. ఎవరి జోలికీ పోడు. అద్దాలు తుడుచుకుంటూ, ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"మేడం, ఆ బిల్డింగు పేరు రికార్డుల ఏముంటదో ఎరికేనా? అధ్యక్షుల నివాస గృహం. కట్టినప్పటి సంది ఏ అధ్యక్షుడు అండ్ల ఉండలే. మీరు ఉంటనని దరఖాస్తు వెట్టుకుంటే తీర్మానం అక్కర్లే. ఎవ్వరు వొద్దనలేరు."

మెహజబీన్ తలెత్తింది.

"ఇగ మీ ఇంటికి సుట్టాలొస్తే," అన్నాడు ఆయన రిజిస్టరు మూసి, "ఎందుకొచ్చిన్రని అడిగే రూలు నేనైతే ఇంతవరకు సూడలే."

పది రోజుల్లో ఆమె క్వార్టరుకు మారింది. మొహసిన్ కరెంటు తీగలు మార్చి, పెరట్లో పాడైపోయిన బోరుకు ప్రాణం పోశాడు. సంఘం ఆడవాళ్లు సున్నం వేశారు. పత్తాలాడేవాళ్లు రెండు రోజులు వరండా చివర నిలబడి చూసి, మూడో రోజు నుంచి రావడం మానేశారు. మెహజబీన్ కుట్టుమిషను కిటికీ పక్కన పెట్టుకుంది. ఎనిమిది మంచాలు, ఎనిమిది దుప్పట్లు. గోడ మీద నెలల పట్టిక. అంతా సిద్ధం.

ఒక్కరూ రాలేదు.

ఆశా కార్యకర్తలు చెప్పారు. మెహజబీన్ జీపేసుకుని పెంటలకు పోయి, హోటల్ నుంచి ఉచితంగా భోజనం తెప్పిస్తామని, టీవీ కూడా ఉంటుందని చెప్పింది. ఆడవాళ్లు వింటూ నేల చూశారు. వస్తామన్నారు. రాలేదు. నెల గడిచింది. సమావేశం రోజు వెంకట్రాములు వరండాలోంచి తొంగిచూసి, "మంచాలు మంచిగ వేసినవు బిడ్డా," అని పోయాడు. ఆ మాట ఆమెను నాలుగు రోజులు కొరుక్కు తిన్నది.

ఐదో రోజు పొద్దున మౌలాబీ సంచి సర్దుకుంది.

"యాడికి అమ్మీ?"

"పెద్దపెంటకు. జీపొద్దు. జీపు జూస్తే వాళ్లు సర్కారు మనుషులనుకుంటరు. నేను ఆటోల వోత."

ఆమె అక్కడ మూడు రోజులుంది. ఎవరినీ రమ్మని అడగలేదట. చిన్నమ్మ గుడిసెలో పడుకుని, వాళ్లు తిన్నది తిని, పావని పక్కన కూర్చుని, ఆమె ఏడిస్తే ఏడవనిచ్చి, ఊరుకుంటే ఊరుకుని వచ్చిందట. తిరిగి వచ్చాక కోడలి మిషను పక్కన చతికిలబడి చెప్పింది.

"వాళ్లకు భయం లేదు దుల్హన్. నువ్వు పిల్సే తీరే సక్కగ లేదు. కడుపుతోని ఉన్న పిల్లను ఒక్కదాన్ని రమ్మంటవు. పెద్ద పిల్లగాన్ని ఎవలికి ఇడిసి రావాలె? తల్లి తోడు లేకుండ ఎట్ల ఉంటది? ఇంకోటి. మీ హోటల్ కూడు వాళ్లకు సయించదు. ఇంటికాడ లెక్క నిప్పు రాజేస్కోవాలె, వాళ్ల అడివి గడ్డలు వాళ్లు ఉడికిచ్చుకోవాలె. మంచాలు ఎందుకేసినవు? ఎత్తు మీద పండుకుంటె పడ్తమని భయం వాళ్లకు."

మెహజబీన్ విన్నది. కోపం రాలేదు కానీ మొహం వేడెక్కింది. ఎనిమిది దుప్పట్లకు తానే అంచులు కుట్టింది. అడగవలసిన నాలుగు మాటలు మాత్రం అడగలేదు.

మంచాలు నాలుగు తీసేసి చాపలు పరిచారు. పెరట్లో రేకుల పందిరి కింద నాలుగు మట్టి పొయ్యిలు వేశారు. తల్లి, అత్త, పిల్లలు ఎవరైనా వెంట రావచ్చన్నారు. మొదట వచ్చింది పెద్దపెంట సత్యమ్మ కోడలు, అత్తతో, రెండేళ్ల పిల్లతో, ఒక మేకపిల్లతో. మేకపిల్ల సంగతి ఎవరూ అనుకోలేదు. ఇంటి దగ్గర ఉంచితే కుక్కలు తింటాయని సత్యమ్మ పట్టు. కురుమూర్తి వచ్చి చూసి, "ఇది కూడా సుట్టమేనా మేడం?" అన్నాడు. "సుట్టమే," అంది మెహజబీన్. దాన్ని ఆఫీసు కంచెకు కట్టేశారు.

తొమ్మిదో రోజు సత్యమ్మ కోడలు గోడ అవతలికి నడిచి వెళ్లి ఆడపిల్లను కన్నది. మూడో రోజు ఆటోలో పెద్దపెంటకు పోయింది. ఆమె పోయిన వారానికి ముగ్గురు వచ్చారు.

అట్లా ఆ ఇంట్లో ఎప్పుడూ నలుగురైదుగురు ఉండటం మామూలైంది. మౌలాబీ వాళ్ల మధ్యే పడుకునేది. ఎవరి నడకలో తేడా వచ్చినా, ఎవరి కాళ్లు వాచినా ముందు ఆమెకే తెలిసేది. మొదట్లో కోడలితో చెప్పి పంపేది. ఒకనాడు ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడితే, కోడలు ఊళ్లో లేక, మౌలాబీ తానే గోడ పక్క దారి వెంట ఆరోగ్య కేంద్రం గడప ఎక్కి, ఆ పిల్ల ఒంటికి నీరు పట్టిందని చెప్పింది. శ్రుతి పరుగెత్తుకొచ్చి బీపీ చూసి, అప్పటికప్పుడు నాగర్‌కర్నూల్ పెద్దాసుపత్రికి పంపించింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆ సాయంత్రం డాక్టరమ్మ వరండాకు వచ్చి, మౌలాబీ పక్కన చాప మీద కూర్చుంది.

"కాళ్లు వాయకుండానే నీరు పట్టిందని ఎట్లా చెప్పారమ్మా?"

"నిన్నటి సంది గాజులు తీస్తలేదు. చేతులు ఉబ్బి తీయవశం కావట్లే అనుకున్న," అంది మౌలాబీ.

శ్రుతి ఆ మాట తన డైరీలో రాసుకుంది. మౌలాబీ అది గమనించనట్టు చాప అంచు సర్దుతూ ఉంది. మెహజబీన్ తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ చూసి, లోపలికి పోయి చాయ్ పెట్టింది.

పావని ఆ ఇంట్లో పనికి కుదిరింది. కాన్పుకు వచ్చినవాళ్ల పెద్దపిల్లల్ని చూసుకునేది. పసిపిల్లల్ని ఎత్తుకునేది కాదు. ఎత్తుకొమ్మని ఆమెను ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మెహజబీన్‌కు ధైర్యం వచ్చింది. సమావేశాల్లో తానే మాట్లాడటం మొదలుపెట్టింది. అచ్చంపేట కాలేజీకి పొద్దున బస్సు కావాలని డిపో మేనేజరు దగ్గర ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని కూర్చుంది. బస్సు వచ్చింది. హైస్కూలు చుట్టూ గోడ కట్టించాలని చూసింది. అది కాలేదు. ఎన్నిసార్లు తిరిగినా ఫైలు ఎక్కడ ఆగిందో చివరికీ తెలియలేదు.

2024 జులైలో పదవీకాలం అయిపోయింది. ఎన్నికలు ఎప్పుడో తెలియదు. మండలానికి ప్రత్యేకాధికారి వచ్చాడు. అధ్యక్షురాలే లేనప్పుడు అధ్యక్షుల నివాసం ఖాళీ చేయాలి. ఆ రోజు ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ఇద్దరికి నెలలు నిండాయి. ఆకాశం నిండా మబ్బు.

కొత్త అధికారి చెడ్డవాడు కాదు. "నాలుగు రోజులు చూసీచూడనట్టు ఉండగలను మేడం," అన్నాడు. "కానీ ఏ కాగితం ఆధారంగా వీళ్లు ఇక్కడున్నారని పైనుంచి అడిగితే నా దగ్గర జవాబు లేదు. తీర్మానం లేదు కదా."

తీర్మానం లేదు. ఆ దారి తప్పించుకునే వచ్చింది తను. మూడేళ్లు నడిచిన ఇల్లు ఒక్క తన పదవి మీద నిలబడి ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలివిగా చేశాననుకున్న పని వెనక ఇంత గుంత ఉందా అనుకుంది.

మర్నాడు పొద్దున తెల్ల కాగితం పట్టుకుని వెంకట్రాములు ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు. పదవి పోయాక ఇంటికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కుర్చీలన్నీ గోడకు చేరేసి ఉన్నాయి.

"ఇంట్ల ఐదుగురున్నరు పెదనాయనా," అంది. "ఆ ఇల్లు దవాఖానకు రాసియ్యమని కలెక్టర్‌కు అర్జీ వెడ్తున్నం. పాత సభ్యులందరు సంతకం వెడితే ఆఫీసర్ సారు దాన్ని పైకి పంపుతనన్నడు."

ఆయన కాగితం తీసుకుని దూరంగా పెట్టి చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఆనాడు నేను ఒద్దంటి," అన్నాడు. "నా పత్తాల జాగ పోతుందని కాదు, నువ్వట్లనే అనుకున్నవు గద? నిజంగనే భయమైంది. ఏమన్నయితే నా తలకు సుట్టుకుంటదని. పదేండ్లు ఆ కుర్చీల గట్లనే కూసున్న, ఏది నా తలకు సుట్టుకోకుండ."

 ఆయన భార్య లోపలి నుంచి కలం తెచ్చి ఇచ్చింది.

"పెడ్త తీ. పదవి లేనోని సంతకం సెల్లుతదో లేదో మరి," అంటూ ఆయన సంతకం పెట్టాడు. పెట్టి, కండువా భుజాన వేసుకుని లేచాడు. "మిగిలినోళ్ల కాడికి నువ్వొక్కదానివి వోతే మూడ్రోజులైతది. పా, నేనొస్త."

ఆ పగలంతా ఇద్దరూ ఆయన పాత కారులో మండలం తిరిగారు. సాయంత్రానికి పదకొండు సంతకాలు అయ్యాయి. ఆ వారమే ఇద్దరు పిల్లలు పుట్టారు. అర్జీ నాగర్‌కర్నూల్‌లో రెండు నెలలు తిరిగింది. దసరా ముందు ఉత్తర్వు వచ్చింది. ఇల్లు వైద్యశాఖకు బదిలీ. జాగ్రత్తగా చూసుకునే మనిషిగా మౌలాబీ పేరు శ్రుతి రాసింది. వయసు దగ్గర మౌలాబీ అరవై అని చెప్పింది. డెబ్భై దాటాయని అందరికీ తెలుసు. ఎవరూ దిద్దలేదు.

మెహజబీన్ కుట్టుమిషనుతో సందులోని దుకాణానికి తిరిగి వచ్చింది. మొదటి కొన్ని రోజులు వెలితిగా ఉండేది. జీపు చప్పుడైతే తల అటు తిరిగేది. తర్వాత దసరాకు జాకెట్ల రద్దీ మొదలైంది. ఆలోచించుకోవడానికి తీరిక లేకపోయింది.

డిసెంబరులో ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"నమస్తే అక్కా, నా పేరు సరోజ. గద్వాల జిల్లా, ఇటిక్యాల. సంఘంల ఉంట. కృష్ణ ఒడ్డున మా తండోళ్లకు వానకాలం బో కష్టమైతది. మీరొక ఇల్లు నడిపిన్రంట. ఎట్ల జేసిన్రో జర మాకు జెప్తరా?"

"ఫోన్ల ఏం సెప్పాలె," అంది మెహజబీన్. "నేనే వొస్త."

మౌలాబీ కూడా వస్తానంది. ఇంటి తాళం నాలుగు రోజులకు పావనికి అప్పజెప్పింది. నాగర్‌కర్నూల్‌లో ఒక బస్సు, వనపర్తిలో ఇంకో బస్సు. ఎర్రవల్లి చౌరస్తాలో దిగేసరికి మధ్యాహ్నమైంది. సరోజ ఆటోతో ఎదురుచూస్తోంది.

తండాలో వేపచెట్టు నీడన ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అతిథులకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సరోజ లేచి, "చింతలవాగు మండలం మాజీ అధ్యక్షురాలు," అని మొదలుపెట్టింది.

మౌలాబీ అప్పటికే కుర్చీ దాటిపోయి, ముందు వరసలో పెద్ద కడుపుతో ఉన్న ఒక అమ్మాయి పక్కన నేల మీద కూర్చుని ఏదో అడుగుతోంది. ఆ అమ్మాయి నవ్వుతోంది.

మెహజబీన్ కుర్చీ పక్కకు జరిపి తనూ కింద కూర్చుంది.

"నేను జెప్పే ముందుగాల," అంది, "మీరు జెప్పుండ్రి. మీకేం కావాలె?"